నేను విప్పని ఎర్రదారం ముడి

నా షాపు బోర్డు మీద 'అన్ని రకాల మోటారు సైకిళ్ల కరెంటు పని ఇచ్చట గ్యారంటీగా చేయబడును' అని పసుపు రంగు అక్షరాలతో రాయించాను. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద పోయే బస్సు కిటికీలోంచి చూసినా కనిపించేంత పెద్ద బోర్డు. అందులో గ్యారంటీ అన్న ఒక్క మాట తప్ప మిగతాదంతా నిజమే.

ఇప్పుడు ఆ షాపు లేదు. సన్నని వైరు నా కళ్లకు ఆనడం లేదు. బండి పక్కన గొంతుక్కూర్చుంటే మళ్లీ లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. అందుకని మూసేశాను. మొన్న బండ్ల పని నేర్చుకునే పిల్లలు నలుగురు ఇంటికొచ్చి, 'మీ అనుభవాలు చెప్పండి, మాకు పనికొస్తాయి' అన్నారు. నాకు మస్తు సంతోషమైంది. కానీ ఆలోచిస్తే నా ఘనకార్యాలన్నీ టీ హోటల్లో ఎప్పుడో చెప్పేశాను. కొన్ని రెండేసి సార్లు చెప్పాను, కొన్ని జరగనివి కూడా చెప్పాను. ఎవరికీ చెప్పకుండా మిగిలింది ఈ ఒక్కటే. ఇది మంచాల దిక్కు నుంచి వచ్చిన ఒక బండి సంగతి. అది నా ముప్పై ఏళ్ల పేరును తీసి పక్కన పెట్టింది. బాబులారా, ఇది వినండి. మిగతావి వినకపోయినా నష్టం లేదు.

మీకు తెలిసిందే అయినా ఒక మాట. పూర్తిగా చెడిపోయిన బండి మంచిది. అది ఎక్కడ చెడిందో చూపిస్తుంది, బాగుచేయించుకుని పోతుంది. ప్రాణం తీసేది వచ్చిపోయే కంప్లయింటు. దారిలో పదిసార్లు ఆగిన బండి షాపు ముందుకు రాగానే బుద్ధిమంతురాలైపోతుంది. మీటరు పెట్టి చూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. బండి ఓనరు అబద్ధమాడుతున్నాడా, బండి అబద్ధమాడుతోందా అన్నది తేలదు. నేను ఎప్పుడూ ఓనరునే అనుమానించేవాణ్ని. బండి అంటే నాకు అంత గౌరవం.

ఆ మంచాల బండి మీద మొగుడూ పెళ్లాం ఇద్దరూ మొదటిసారి వచ్చింది ఒక మంగళవారం మధ్యాహ్నం. ఆయన మంచాల దాటాక నాలుగు కిలోమీటర్ల లోపలి ఊళ్లో వ్యవసాయం చేస్తాడు, నాకంటే పదేళ్లు చిన్న. వెనక భార్య. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకుని ఉంది. రెండు కిడ్నీలూ పాడయ్యాయట. మంగళవారం, శుక్రవారం పొద్దున ఎనిమిదింటికల్లా ఇక్కడ దవాఖానలో ఉండాలి. నాలుగు గంటలు మిషను మీద రక్తం శుభ్రం చేస్తారు. ఆలస్యమైతే ఆ మిషను మీదికి ఇంకొకరు ఎక్కుతారు. వాళ్ల ఊరికి ఆ వేళకు బస్సు రాదు. కాబట్టి ఆ బండి నడిస్తేనే ఆమెకు మిషను అందుతుంది. ఈ సంగతంతా ఆయన మొదటి రోజే చెప్పాడు. నేను విన్నాను. విని, ప్లగ్గు విప్పే పానా వెతుక్కున్నాను.

"నడుస్తనే ఉంటదన్నా. ఉన్నట్టుండి బంద్ పడ్తది. దిగి కిక్ కొడితే మల్ల ఒక్క కిక్కుకే స్టార్టయితది" అన్నాడు ఆయన.

"లైట్లు, హారన్?"

"గవన్ని పనిచేస్తయి. ఇంజనొక్కటే ఆగుతది."

బెంచీ మీద కూర్చున్న ఆమె దుప్పటిలోంచి మొహం బయటపెట్టి, "అన్నా, గది ఎట్లాగుతదంటే..." అని ఏదో మొదలుపెట్టింది.

"జర ఆగు చెల్లె. బండి సంగతి తమ్మి చెప్తుండు గదా" అన్నాను.

ఆమె ఆగింది. నా షాపు పద్ధతి అది. హ్యాండిలు పట్టుకున్నవాడిని అడగాలి, వెనక కూర్చున్నవాళ్లకు బెంచీ చూపించాలి. ఎవరూ నేర్పలేదు, నాకు నేనే పెట్టుకున్న పద్ధతి. పాతికేళ్లకు పైగా బాగానే నడిచిందని అనుకునేవాణ్ని. నడవనప్పుడు చెప్పేవాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టాను కదా, నాకెలా తెలుస్తుంది.

సీటు విప్పాను. సీటు కింద ఫ్రేము ఎడమ పట్టీ మీదుగా వైర్లన్నీ వెనక్కి పోతాయి. అక్కడ ఒక ఎర్రదారం ముడి కనిపించింది. దాని గురించి చెప్పాలి. మా గురువు ఒక అలవాటు నేర్పాడు. వైర్లు అతికించి టేపు చుట్టాక దాని మీద దారంతో బిగించి ముడి వెయ్యాలి. మన ఎండలకు టేపు జిగురు కరిగి జారిపోతుంది, దారం ఉంటే పట్టుకుంటుంది. ఆయన తెల్లదారం వాడేవాడు. నేను మాత్రం ఎర్రదారం పెట్టుకున్నాను. ఎక్కడ ఎవరు విప్పి చూసినా ఇది ఫలానా ఆయన చేతిపని అని తెలియాలని. ఆ బండిని ఈ మంచాల ఆయన కొనకముందు పాత ఓనరు నా దగ్గరికే తెచ్చేవాడు. ఎలుకలు కొరికిన వైర్లను నేనే అతికించాను. దూరపు చుట్టం కనపడ్డట్టు ఆ ముడిని వేలితో ఒకసారి తట్టి, పక్కకు జరిగాను. ఎర్రదారం ఉన్నచోట చూడాల్సింది ఏముంటుంది.

ప్లగ్గు, దాని టోపీ మార్చాను. బండి తీసుకుని బొంగులూరు దాకా పోయి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. "ఇగ ఫికర్ జెయ్యకు" అని తాళం చేతిలో పెట్టాను.

శుక్రవారం మళ్లీ వచ్చారు. దారిలో రెండుసార్లు ఆగిందట. ఈసారి కాయిల్ మార్చాను. తరువాతి మంగళవారం మళ్లీ వచ్చారు. ప్లగ్గుకు నిప్పు పంపే చిన్న నల్ల డబ్బా, దాన్ని మేము సీడీఐ అంటాం, అది మార్చాను. ఆ తరువాత తాళం స్విచ్చి. ప్రతిసారీ సీటు విప్పేవాణ్ని, ఎర్రదారాన్ని తట్టేవాణ్ని, పక్కకు జరిగేవాణ్ని. ప్రతిసారీ బొంగులూరు పోయి వచ్చేవాణ్ని. ఆ వెంచర్ల జెండాలు, ప్లాట్ల రాళ్లు అన్నీ కంఠతా వచ్చాయి కానీ బండి మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు.

నా షెడ్డులోనే సగం భాగంలో ఇంజను పని చేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఇంజను ఆయనది, కరెంటు నాది. ఇరవై ఏళ్లు పక్కపక్కన కూర్చుని ఒకరి పనిని ఒకరు ఎగతాళి చేసుకుంటూ బతికాం. నన్ను డాక్టర్ సాబ్ అనేవాడు. జనం ముందు గౌరవంగా, జనం లేనప్పుడు వెక్కిరింపుగా.

"డాక్టర్ సాబ్, పేషెంట్ మల్లొచ్చింది" అన్నాడు నాలుగోసారి.

"పెట్రోల్ల నీళ్లున్నట్టున్నయి."

"పోయినసారి రోడ్డు ఖరాబన్నవ్. అంతకుముందు అగ్గువ ప్లగ్గన్నవ్. ఇగ నీ షాపుల తప్పు లేనోనివి నువ్వొక్కనివే."

ఆ రోజు పంతం కొద్దీ ఆయన్నే వెనక ఎక్కించుకుని పోయాను, బరువు పడితే ఏమైనా అవుతుందేమోనని. బరువు అన్న ఊహ నాకు వచ్చిందని గుర్తుపెట్టుకోండి, పూర్తిగా తెలివిలేనివాణ్ని కాదు. మేస్త్రీ మంచి బరువున్న మనిషి. సీటు మధ్యలో చెరో పక్క కాలు వేసుకుని కుదురుగా కూర్చున్నాడు. చెరువు కట్ట దాకా పోయి వచ్చాం. బండి గుర్రంలా పరిగెత్తింది.

"చూసినవా, బరువు గాదు" అన్నాను, ఏదో గెలిచినట్టు.

ఆమె బెంచీ మీంచి మా ఇద్దరినీ చూసింది. నోరు తెరవబోయి మళ్లీ మూసుకుంది. అప్పటికి ఆమెకు నా షాపు పద్ధతి అర్థమైపోయింది.

ఆ తరువాతి శుక్రవారం వాళ్లు రాలేదు. కంప్లయింటు పోయిందనుకున్నాను. మేస్త్రీకి టీ కూడా తాగించాను.

ఆదివారం పొద్దున ఆయన ఒక్కడే వచ్చాడు. బండి స్టాండు వేసి, తాళం నా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. శుక్రవారం దారిలో బండి అయిదుసార్లు ఆగిందట. ఆఖరిసారి నీరసంతో ఆమె దిగలేకపోయింది, ఎంత కొట్టినా ఎత్తుకోలేదట, ఆమెను కూర్చోబెట్టే నెట్టుకుంటూ పోయాడట. దవాఖాన చేరేసరికి ఆ మిషను మీద ఇంకెవరో ఉన్నారు. మరుసటి రోజు రమ్మన్నారు. కానీ తెల్లారేసరికే ఆమెకు ఊపిరాడడం కష్టమై ఆటోలో పట్నం తీసుకుపోయి చేర్పించారు. ఇప్పుడు పర్వాలేదు, రేపు ఇంటికి పంపిస్తామన్నారు.

ఆయన కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు తేలికయ్యేది, నేనూ రెండు మాటలు అనేవాణ్ని.

"అన్నా, నీతోని అయితదంటే చెయ్యి. కాదంటే సాఫ్ చెప్పు, ఇంకోల్లకు సూపిచ్చుకుంట. నాకు బండి అద్దాల్లెక్క మెరవాలని లేదు. మంగళారం పొద్దుగాల ఎనిమిదింటికి నేను దాన్ని గాడ దింపాలె. గంతే."

"బండి రేపటి దాకా నాకాడ ఉంచు" అన్నాను. గొంతులో ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, లోపల మాత్రం లేదు.

ఆ ఆదివారం, సోమవారం ఇంకే పనీ ముట్టలేదు. బండిని కొంగరకలాన్ దాకా తోలాను. కొత్త ఆఫీసుల ముందు నున్నటి రోడ్డు మీద తోలాను, లోపల పొలాల మధ్య గుంతల్లో తోలాను. వైర్లను పట్టుకుని గుంజాను, హ్యాండిలు అటూ ఇటూ తిప్పాను, నీళ్లు చల్లాను. బండి ఆగితే బాగుండునని దేవుణ్ని మొక్కిన మెకానిక్కును నేనొక్కణ్నేనేమో. ఆగలేదు.

సోమవారం సాయంత్రానికి నాకు ఒక గొప్ప నిర్ణయం తట్టింది.

"తప్పు బండిది గాదు. ఆయనకు నడపరాదు. మోకాలు తాళానికి తగిలిస్తుండొచ్చు" అన్నాను మేస్త్రీతో.

మేస్త్రీ చేతికున్న నూనె తుడుచుకుంటూ, "ఆయన మీసాలు రాకముందు సంది బండి నడుపుతుండు. నీ దగ్గరికొచ్చినంక మర్చిపోయిండా?" అన్నాడు. మళ్లీ తనే, "నువ్వు ఇన్నిసార్లు తోలినవ్ గదా. ఆయన తోలుతుంటె ఒక్కసారన్న చూసినవా?" అన్నాడు.

చూడలేదు. బండి నా దగ్గరికి రావాలి కానీ నేను బండి దగ్గరికి పోవడమేమిటని ఎప్పుడూ అనుకునేవాణ్ని. డాక్టర్ సాబ్‌ను కదా. ఆ సాయంత్రమే ఆయన బండి కోసం వస్తే, "రేపు పొద్దుగాల నేను మీ ఊరికొస్త. మీ ఎనకనే నడుస్త" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, సరే అని తల ఊపాడు.

మంగళవారం తెల్లవారగానే నా పాత స్కూటర్ మీద బయలుదేరాను. డిక్కీలో ఒక కొత్త సీడీఐ, ఒక కాయిల్, మీటరు, టెస్టు లైటు, రెండు రకాల ప్లగ్గులు, పానాలు, మొత్తం షాపే ఉంది. ఆరున్నరకు వాళ్ల ఊరి మొదట్లో వాళ్లు ఎదురయ్యారు.

ఆమె బండి ఎక్కడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. చీర కట్టుకున్న మనిషి, ఎడమ పక్కకు కాళ్లు వేసి అడ్డంగా కూర్చుంది. మన ఊళ్లలో ఆడవాళ్లందరూ అలాగే కూర్చుంటారు కదా, అందులో కొత్తేముంది. కానీ ఆమె ఎడమ చేత్తో వెనక కడ్డీ పట్టుకోలేదు. ఆ చేతికే సూదులు గుచ్చుతారు. ఆ చేతి మీద బరువు వెయ్యొద్దని డాక్టర్లు చెప్పారు. ఆ చేతిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో భర్త అంగీ పట్టుకుంది. వెనక పట్టు లేదు కాబట్టి గుంత వచ్చినప్పుడల్లా ఆమె జారుతోంది. జారి, కాస్త లేచి, సీటు ఎడమ అంచు మీద బరువంతా వేసి మళ్లీ కూర్చుంటోంది. నేను ఇరవై గజాల వెనక వస్తూ ఇదంతా చూస్తున్నాను. మూడు వారాలు ఆమె నా బెంచీ మీద కూర్చున్నా నేను చూసింది దుప్పటినే.

మంచాల దాటి మూడు కిలోమీటర్లు వచ్చామో లేదో ఒక కల్వర్టు దగ్గర కుదుపు వచ్చింది. ఆమె జారింది, లేచింది, కూర్చుంది. బండి టక్కున ఆగిపోయింది.

ఆయన అలవాటుగా కాలు కింద పెట్టి, "దిగు" అన్నాడు.

"దిగొద్దు. ఎవ్వల్లు దిగొద్దు. గట్లనే ఉండున్రి" అని అరుస్తూ స్కూటర్‌ను రోడ్డు పక్కన పడేసి పరిగెత్తాను. ఈ మూడు వారాల్లో బండి ఆగినప్పుడు నేను దాని పక్కన ఉండడం అదే మొదటిసారి. "కిక్ కొట్టు" అన్నాను. ఆయన కూర్చునే కొట్టాడు. ఎత్తుకోలేదు. పదిసార్లు కొట్టాడు. ఎత్తుకోలేదు.

అప్పుడు ఆమె నన్ను చూసి, "అన్నా, ఇప్పుడన్న చెప్పాల్నా?" అంది.

"చెప్పు చెల్లె."

"నేను గీ అంచుకు కూసున్నప్పుడే ఆగుతది. జర లేస్తె నడుస్తది. చూడు."

కుడిచేత్తో భర్త భుజం పట్టుకుని, కాళ్లు పెట్టుకునే కడ్డీ మీద నిలబడి కాస్త లేచింది. ఆయన కిక్ కొట్టాడు. ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది. ఆమె కూర్చుంది. ఆగిపోయింది. మళ్లీ లేచింది. నడిచింది. నేను నాలుగు సామాన్లు మార్చి, లెక్కలేనన్ని సార్లు బొంగులూరు తిరిగి కనిపెట్టలేనిది ఆమె లేచి కూర్చుని చూపించింది.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాడు ఆయన.

"చెప్పిన. నీ బరువుకు ఇంజనాగుతదా అని నవ్వినవ్. ఈ అన్నకు చెప్పబోతె ఆగుమన్నడు. నేను ఇంకెవ్వలికి చెప్పాలె?"

మేమిద్దరం మగవాళ్లం కల్వర్టు కేసి చూశాం. అక్కడ చూడడానికి ఏమీ లేదు.

ఆమెను కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టి సీటు విప్పాను. ఆ సీటు అడుగున ఇనుప రేకు ఉంటుంది. దాని ఎడమ అంచు సరిగ్గా ఎర్రదారం ముడి మీదికి వస్తోంది. ముప్పై ఏళ్ల పేరున్న ఆ ముడిని నేను మొదటిసారి విప్పాను. దారం గట్టిగానే ఉంది. దాని కింద టేపు ఎండకు మెత్తబడి పక్కకు జారిపోయింది. లోపల రాగి తీగ బయటపడి మెరుస్తోంది. ఆ బండిలో ఇంజనును ఆపడానికి ఒక సన్న వైరు ఉంటుంది. మనం తాళం ఆఫ్ చేస్తే ఆ వైరు బండి ఇనుముకు కలుస్తుంది, ప్లగ్గులో నిప్పు ఆగిపోతుంది. ఇక్కడ ఆ వైరే బట్టలిప్పుకుని కూర్చుంది. ఆమె అంచు మీద కూర్చుంటే రేకు దాన్ని ఫ్రేముకు ఒత్తుతోంది, తాళం ఆఫ్ చేసినట్టే. ఆమె దిగితే రేకు లేచి వైరు విడిపోతోంది. నేను ఒక్కణ్నే తోలితే, మేస్త్రీ సీటు మధ్యలో కూర్చుంటే, తగలదు.

ఇతర మెకానిక్కులు కట్టిన అతుకులు చూసినప్పుడల్లా 'ఏ గాడిద చుట్టిండో' అనడం నాకు అలవాటు. ఆ రోజు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఏ గాడిదో నాకు బాగా తెలుసు.

టేపు కోసం డిక్కీ తెరిచాను. సీడీఐ ఉంది, కాయిల్ ఉంది, మీటరు ఉంది. టేపు లేదు. కరెంటు పనికి పోతూ టేపు మర్చిపోయినవాడు నా ఎరుకలో ఇంకెవడూ లేడు. ఏడు గంటలు కావస్తోంది. నేను అటూ ఇటూ చూస్తుంటే, ఆమె తన సంచిలోంచి తెల్లటి ప్లాస్టరు చుట్ట తీసి ఇచ్చింది. సూదులు తీశాక చేతికి అంటించుకునేది.

"ఇది నడుస్తదా?"

"నడుస్తది చెల్లె" అన్నాను. దాన్నే నాలుగు చుట్లు చుట్టి, వైరును రేకుకు దూరంగా లోపలికి తోసి, సీటు బిగించాను.

"ఎవరు కట్టిన్రన్నా గది, గంత అధ్వాన్నంగ?" అని అడిగాడు ఆయన.

"ఎవడో పాత మెకానిక్కు" అన్నాను.

అబద్ధం కూడా కాదు చూశారా, అందుకే అంత సులభంగా వచ్చింది.

ఎనిమిదికి పది నిమిషాలు తక్కువగా దవాఖాన గేటు దాటాం. దారిలో ఆమె నాలుగైదుసార్లు జారింది, లేచింది, అంచు మీదే కూర్చుంది. బండి ఆగలేదు. ఆమె లోపలికి పోయాక, పక్కాగా చేసి తెస్తానని చెప్పి బండిని షాపుకు తెచ్చాను. పాత వైరు మొత్తం తీసేసి, కొత్త వైరు తొడుగు వేసి, రేకు అందని కుడి పక్క నుంచి తీసుకుపోయాను. పని అయ్యాక ఆ పాత ముక్క, దాని మీది ఎర్రదారం, బల్ల మీద పడి ఉన్నాయి. మేస్త్రీ వచ్చి చూశాడు. ఎగతాళికి ఇంతకంటే మంచి అవకాశం ఆయనకు ఇరవై ఏళ్లలో దొరకలేదు. ఆయన నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"చెప్పినవా వాల్లకు?"

"లే."

"చెప్తవా?"

"చెప్పాలె గదా."

"నేనైతే చెప్పకపోదును" అన్నాడు మేస్త్రీ. తప్పించుకొమ్మని కాదు, తన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదని నాకూ తెలుసు. షాపు నుంచి దవాఖాన దాకా పోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ రోజు చెరువు కట్ట చుట్టూ తిరిగి పోయాను.

ఆయన దవాఖాన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చుని తాళం ఇచ్చాను. ఇచ్చి, చెప్పేశాను. ఆ అతుకు నాదేనని, వైరును రేకు కిందికి వచ్చేలా పెట్టింది నేనేనని, మూడు వారాలుగా ప్రతిసారీ దాన్ని చూసి కూడా నాదే కదా అని విప్పలేదని. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాను.

ఆయన తాళాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తరువాత, "శనారం పొద్దుగాల దాన్ని రెండు చేతుల ఎత్తి ఆటోల పండవెట్టినన్నా. ఊపిరందక నా అంగీ పట్టుకున్నది. గుండీలు తెగినయి" అన్నాడు. "ఇగో, ఇదే అంగీ."

మెడ దగ్గర రెండు గుండీలు కొత్తగా కుట్టి ఉన్నాయి. మిగతా గుండీలకూ వాటికీ రంగు కలవలేదు. నేను చేతులు జోడించాను. ఏడుపొచ్చింది, అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆయన నా చేతులు పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు.

పిల్లలూ, ఆ తరువాత నేను మారిపోయాననీ, బోర్డు మార్చేశాననీ మీరు అనుకుంటారు. షాపు మూసేదాకా బోర్డు అలాగే ఉంది, పెయింటరును పిలవడానికి బద్ధకం. మారింది ఒక్కటే. వెనక కూర్చుని వచ్చినవాళ్లను ముందు అడగడం మొదలుపెట్టాను. వాళ్లలో సగం మంది బండి సంగతి ఏమీ చెప్పేవాళ్లు కాదు, నడిపేవాడి సంగతి చెప్పేవాళ్లు. అదీ వినేవాణ్ని. ఇంకొకటి, నా సొంత అతుకులను ముందుగా విప్పడం. అబ్బో, ఎన్ని దొరికాయో చెప్పను. మీ ముందు ఆ మాత్రం పరువైనా మిగలాలి.

ఆ రోజు పన్నెండు దాటాక ఆమె బయటికి వచ్చింది. ఎడమ చేతికి పట్టీ, మొహంలో అలసట. ఆయన బండి దగ్గరికి నడుస్తూనే, "గా అతుకు ఈ అన్నదేనంట. ఇప్పుడే చెప్పిండు" అన్నాడు. ఇంకో మాట కలపలేదు, తీసెయ్యలేదు.

ఆమె నిలబడి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. పోనీలే అన్నా అంటుందేమోనని లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది. ఆ మాట ఆమె అనలేదు.

"ఎనిమిదింటికన్న ముందే మిషనెక్కిన ఇయ్యాల" అంది. "అన్నా, మా ఊరి దాక మా ఎనకనే రా. ఈసారి ఆగితె నేను దిగ. నువ్వే నెట్టాలె."

"నెడ్త చెల్లె" అన్నాను.

ఆమె దుప్పటి సర్దుకుని, ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, సీటు అంచు మీద బరువంతా వేసి కూర్చుంది. ఆయన కిక్ కొట్టాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇరవై గజాల వెనక నేను స్కూటర్ మీద బయలుదేరాను. ప్రతి గుంత దగ్గరా ఊపిరి బిగబట్టాను. పొద్దున ఆగిన కల్వర్టు దగ్గర నా కాలు దానంతట అదే బ్రేకు తొక్కింది. వాళ్ల బండి మాత్రం ఆగలేదు. మంచాల వచ్చింది, దాటిపోయింది. ఊరి మొదట్లో నేను ఆగాను. వాళ్లు ఆగలేదు. ఇంటి మలుపు తిరిగేదాకా ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.